టెక్స్ట్ ఎడిటర్‌లో సొంత మీటల అమరిక: నంద్యాల - ఆళ్లగడ్డ ప్రాంత తెలుగు పాఠాల పరిష్కరణకు అన్వయం

వ్యాససంగ్రహం:

ప్రాచీన కావ్యాలను, శాసనాలను, స్థలనామాలను కంప్యూటర్‌లోకి ఎక్కించే పరిశోధకులకు అరసున్న, శకటరేఫ వంటి అక్షరాలు సాధారణ కీబోర్డు అమరికలలో సులభంగా అందవు. అందని అక్షరం క్రమంగా పాఠం నుంచి జారిపోతుంది. ప్రోగ్రామింగ్ ద్వారా మార్చుకోగల టెక్స్ట్ ఎడిటర్ అయిన ఈమాక్స్‌లో మీటకూ ఆదేశానికీ ఉన్న సంబంధాన్ని వివరించి, తెలుగు పాఠ పరిష్కరణకు అనువైన మీటల అమరికను రూపొందించుకొనే పద్ధతిని ఈ వ్యాసం చర్చిస్తుంది. ఉదాహరణలను నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాలకు సంబంధించిన పేర్ల నుంచి, కావ్యాల నుంచి గ్రహించడం జరిగింది.

కీలకపదాలు: ఈమాక్స్, కీబోర్డు, షార్ట్‌కట్ మీటలు, అరసున్న, శకటరేఫ, యూనికోడ్, పాఠ పరిష్కరణ, నంద్యాల, ఆళ్లగడ్డ.

1. ప్రవేశిక:

ఆళ్లగడ్డ పేరును తెలుగులో రెండు విధాలుగా రాస్తున్నారు. ళకారం కింద లకారపు ఒత్తు పెట్టి ‘ఆళ్లగడ్డ’ అని కొందరు, ళకారపు ఒత్తే పెట్టి ‘ఆళ్ళగడ్డ’ అని కొందరు రాస్తారు. చదివే మనిషికి ఈ భేదం అడ్డు కాదు. కంప్యూటర్‌కు మాత్రం ఇవి రెండు వేర్వేరు మాటలు. ఒక రూపంతో వెతికితే రెండవ రూపం దొరకదు. ఆ పట్టణం గురించి సమాచారం సేకరిస్తున్న పరిశోధక విద్యార్థి ఒకే రూపంతో వెతికి, ‘ఇంతే ఉన్నది’ అనే నిర్ణయానికి వస్తే ఆ నిర్ణయం తప్పు కావడానికి ఒక్క ఒత్తు చాలు.

ఆళ్లగడ్డకు దగ్గరలోని చాగలమర్రిని తీసుకున్నా ఇదే సమస్య ఎదురవుతుంది. వృక్షవాచి అయిన ‘మఱ్ఱి’ని పూర్వ పద్ధతిలో శకటరేఫతో రాస్తారు. నేటి వాడుకలో సాధారణ రేఫయే కనిపిస్తుంది. నంద్యాల మీదుగా పారే కుందూ నదికి ఉన్న ‘కుందేరు’ అన్న పేరులోని ‘ఏరు’ కూడా పూర్వ లేఖనంలో ‘ఏఱు’. పాత ముద్రణల నుంచి, కొత్త పత్రాల నుంచి ఒకేచోట సేకరించిన పాఠంలో ఈ రూపాలన్నీ కలగలిసి ఉంటాయి.

సమస్య రెండు వైపులా ఉంది. మొదటిది, మూలంలో ఉన్న అక్షరాన్ని ఉన్నట్టుగా టైపు చేయడం. రెండవది, ఏ రూపంలో ఉన్నా దానిని వెతికి పట్టుకోవడం. రెండింటికీ పరిష్కారం మన చేతి కింద ఉన్న మీటలలోనే కొంతవరకు ఉంది.

2. జారిపోయే అక్షరాలు:

అరసున్న, శకటరేఫ కేవలం అలంకారాలు కావు. ‘ఏడు’ అంటే సంఖ్య. ‘ఏఁడు’ అంటే సంవత్సరం. బహువచనంలో ‘ఏండ్లు’ అని నిండుసున్న బయటపడటం ఏకవచనంలోని అరసున్నకు సాక్ష్యం. ‘ఏరు’ అంటే ఏరుకొనడం. ‘ఏఱు’ అంటే నది. ఈ భేదాలను వదిలివేసిన పాఠం ఆధునిక పాఠకునికి సుఖంగానే ఉండవచ్చు. శబ్ద చరిత్రను, ఛందస్సును, ప్రాసను పరిశీలించే పరిశోధకునికి మాత్రం అది సాక్ష్యం తుడిచిపెట్టిన పాఠం.

ఈ ప్రాంతంతో సంబంధం ఉన్న రెండు కావ్యాలను ఇక్కడ స్మరించవచ్చు. ఎఱ్ఱాప్రగడ రచించిన నృసింహపురాణం ఆళ్లగడ్డకు చేరువలోని అహోబల క్షేత్ర మాహాత్మ్యాన్ని వస్తువుగా గ్రహించింది. పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని నంద్యాల కృష్ణమరాజుకు అంకితం చేశాడు. వీటి పాత ముద్రణల నుంచి ఒక పద్యాన్ని డిజిటల్ రూపంలోకి తెచ్చేవారికి అరసున్న, శకటరేఫ తరచుగా ఎదురవుతాయి. కవి పేరులోనే శకటరేఫ ఉన్నది.

యూనికోడ్‌లో ఈ అక్షరాలకు స్థానం లేకపోవడం వల్ల ఈ ఇబ్బంది వచ్చిందనుకోవడం పొరపాటు. 1991లో వెలువడిన తొలి యూనికోడ్‌లోనే అరసున్నకు 0సి01, శకటరేఫకు 0సి31 అనే సంకేత సంఖ్యలు ఉన్నాయి. (షోడశాంశ పద్ధతిలోని రోమన్ అక్షరాన్ని ఇక్కడ ‘సి’ అని తెలుగులో రాస్తున్నాం.) దంత్య చకార జకారాలైన ౘ, ౙ అక్షరాలు 2008లోను, ఴ అక్షరం 2014లోను, ప్రాచీన శాసనాలకు అవసరమైన ౚ అక్షరం 2015లోను చేరాయి. అక్షరాలకు స్థానాలు ఉన్నాయి. అక్కడికి చేరే దారి చాలామంది వాడే కీబోర్డు అమరికలలో లేదు, లేదా ఉన్నదని తెలియదు. ఇన్‌స్క్రిప్ట్ అమరికలో సున్న మీటకు షిఫ్ట్ జోడిస్తే అరసున్న, రేఫ మీటకు షిఫ్ట్ జోడిస్తే శకటరేఫ వస్తాయి. రోమన్ అక్షరాల ఉచ్చారణను బట్టి టైపు చేసే పద్ధతులలో వీటికి ఏ కూర్పులు వాడాలో ప్రతి పద్ధతికీ విడిగా తెలుసుకోవలసి ఉంటుంది. వేగంగా టైపు చేస్తున్నప్పుడు తెలియని కూర్పు కోసం ఎవరూ ఆగరు. పాఠం అక్కడ నష్టపోతుంది.

3. ఈమాక్స్: మీటకూ ఆదేశానికీ సంబంధం:

రిచర్డ్ స్టాల్‌మన్ తదితరులు 1976లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలోని కృత్రిమ మేధ ప్రయోగశాలలో ఈమాక్స్‌కు తొలి రూపం ఇచ్చారు. నేడు వ్యాప్తిలో ఉన్న గ్నూ ఈమాక్స్‌ను స్టాల్‌మన్ 1984లో రాయడం ప్రారంభించి 1985లో విడుదల చేశాడు. ఇది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. దీని అంతర్భాగం సి భాషలో ఉన్నా, వాడుకరికి కనిపించే పనులలో అధిక భాగం ఈమాక్స్ లిస్ప్ అనే భాషలో రాసినవే. అదే భాషలో వాడుకరి కూడా రాయవచ్చు. అందుచేత ఎడిటర్ ప్రవర్తనను లోపలి నుంచే మార్చుకోవడం సాధ్యమవుతుంది. తెలుగు ఒత్తులు, గుణింతాలు సరిగా కూర్చే విషయంలో 2020లో వచ్చిన 27వ రూపం నుంచి హార్ఫ్‌బజ్ అనే లిపి కూర్పు వ్యవస్థ తోడ్పడుతున్నది.

ఈమాక్స్‌లో ఏ మీట నొక్కినా ఒక ఆదేశం నడుస్తుంది. ఈ సూత్రం అర్థమైతే మిగిలినదంతా సులభం. కంట్రోల్-ఎస్ వంటి షార్ట్‌కట్ మాత్రమే ఆదేశం అనుకుంటాం. కాని ఒక సాధారణ అక్షరపు మీట నొక్కినప్పుడు కూడా ‘సెల్ఫ్-ఇన్సర్ట్-కమాండ్’ అనే ఆదేశమే నడిచి ఆ అక్షరాన్ని పాఠంలో చేరుస్తుంది. ఏ మీటకు ఏ ఆదేశమో తెలిపే పట్టికను కీమ్యాప్ అంటారు. షార్ట్‌కట్‌ను మార్చడం అంటే ఆ పట్టికలో ఒక వరుసను మార్చడమే.

ఇటువంటి పట్టికలు ఒకటి కాదు, అనేకం. అన్ని సందర్భాలకూ వర్తించే సార్వత్రిక పట్టిక ఒకటి ఉంటుంది. తెరచిన ఫైలు రకాన్ని బట్టి వర్తించే ప్రధాన రీతికి మరొక పట్టిక ఉంటుంది. అవసరమైనప్పుడు వేసుకొని తీసివేయగల ఉపరీతులకు వేరే పట్టికలు ఉంటాయి. మీట నొక్కగానే ఈమాక్స్ సాధారణంగా ముందు ఉపరీతుల పట్టికలు, తరువాత ప్రధాన రీతి పట్టిక, చివరగా సార్వత్రిక పట్టిక చూస్తుంది. ముందు దొరికినదే చెల్లుతుంది. సార్వత్రిక పట్టికలో పెట్టిన మీట ఒక రకం ఫైలులో పనిచేసి మరొక రకం ఫైలులో పనిచేయకపోవడానికి సాధారణంగా ఈ క్రమమే కారణం. విశేష సూత్రం సామాన్య సూత్రాన్ని బాధిస్తుందన్న వ్యాకరణ న్యాయం తెలిసినవారికి ఇది కొత్త విషయం కాదు.

4. తెలుగు కీబోర్డు ఎక్కడ ఉండాలి?

తెలుగు టైపు చేసేవారు సాధారణంగా ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే తెలుగు కీబోర్డును ఎంచుకుంటారు. ఈమాక్స్ వాడేవారికి ఇక్కడ ఒక చిక్కు ఎదురవుతుంది. కొన్ని వ్యవస్థలలో ఇన్‌స్క్రిప్ట్ అమరిక పనిచేస్తున్నప్పుడు కంట్రోల్‌తో కలిపి నొక్కిన మీట కూడా తెలుగు అక్షరంగానే ఎడిటర్‌కు చేరుతుంది. కంట్రోల్-ఎక్స్ నొక్కితే అది కంట్రోల్-సున్నగా అందుతుంది. ఆ కూర్పుకు పట్టికలో ఏ ఆదేశమూ లేదు కనుక ఈమాక్స్ దానిని అనిర్వచితమని తెలుపుతుంది. షార్ట్‌కట్లన్నీ ఒక్కసారిగా పోయినట్లు అనిపిస్తుంది. చాలామంది తొలి ప్రయత్నంలోనే విరమించుకోవడానికి ఇటువంటి అనుభవం చాలు.

దీనికి మార్గం తెలుగు కీబోర్డును ఈమాక్స్ లోపలే పెట్టుకోవడం. ఈమాక్స్‌తో పాటే ‘తెలుగు-ఇన్‌స్క్రిప్ట్’, ‘తెలుగు-ఐట్రాన్స్’ అనే రెండు టైపింగ్ పద్ధతులు వస్తాయి. ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఇంగ్లీషు కీబోర్డునే ఉంచి, కంట్రోల్-ఎక్స్, ఎంటర్, కంట్రోల్-బ్యాక్‌స్లాష్ వరుసగా నొక్కి వీటిలో ఒకదాని పేరు ఇస్తే చాలు. ఆపై కంట్రోల్-బ్యాక్‌స్లాష్ ఒక్కటే తెలుగుకూ ఇంగ్లీషుకూ మధ్య మార్చుతుంది. ఈ లోపలి పద్ధతి సాధారణ అక్షరాల మీటలను మాత్రమే తెలుగులోకి మారుస్తుంది. కంట్రోల్, ఆల్ట్ కూర్పులను తాకదు. ఒక షార్ట్‌కట్‌లో రెండవ మీటగా వచ్చే సాధారణ అక్షరాన్ని కూడా మార్చదు. కనుక తెలుగు రాస్తూనే షార్ట్‌కట్లన్నీ యథాతథంగా వాడుకోవచ్చు. కంట్రోల్-హెచ్, కంట్రోల్-బ్యాక్‌స్లాష్ నొక్కితే ప్రస్తుత పద్ధతిలో ఏ అక్షరానికి ఏ కూర్పో తెలిపే పట్టిక తెరమీదికి వస్తుంది. అరసున్న, శకటరేఫలకు కూర్పులు ఉన్నవో లేవో ముందుగా అక్కడ చూసుకోవడం మంచిది.

5. సొంత మీటలను ఎంచుకొనే నియమాలు:

ఖాళీగా కనిపించిన మీటనల్లా వాడుకుంటే తరువాత ఘర్షణ తప్పదు. ఈమాక్స్ సంప్రదాయం వాడుకరికోసం కొంత చోటును విడిచిపెట్టింది. కంట్రోల్-సి తరువాత ఒక రోమన్ అక్షరం వచ్చే కూర్పులన్నీ వాడుకరివే. అలాగే ఎఫ్5 నుంచి ఎఫ్9 వరకు ఉన్న ఐదు మీటలు, వేరే మీట ఏదీ కలపకుండా నొక్కినప్పుడు, వాడుకరివే. కంట్రోల్-సి తరువాత మళ్లీ కంట్రోల్‌తో కూడిన అక్షరం గాని, అంకె గాని వచ్చే కూర్పులు ప్రధాన రీతులకు చెందుతాయి. వాటిని ఆక్రమిస్తే ఆ రీతులలోని సదుపాయాలు పోతాయి.

కేటాయించిన చోటులో కూడా కొంత జాగ్రత్త అవసరం. ఆర్గ్ రీతిని వాడేవారు చాలామంది కంట్రోల్-సి తరువాత ఎ, సి, ఎల్ అక్షరాలను దాని సిఫార్సు ప్రకారం ఇప్పటికే వాడుకుంటూ ఉంటారు. ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ వరుస మీటలు వెలుతురు, శబ్దం తగ్గించే పనులకు కేటాయించి ఉండవచ్చు. అప్పుడు ఎఫ్ఎన్ మీటను కూడా కలిపి నొక్కాలి. కంట్రోల్-సెమికోలన్ వంటి కూర్పులు విండోలో పనిచేసినా అనేక టెర్మినళ్లలో ఎడిటర్‌కు చేరవు.

ఏ మీట ఏమి చేస్తున్నదో అడగడం ఈమాక్స్‌లో సులభం. కంట్రోల్-హెచ్, కె నొక్కి, ఆపై పరిశీలించదలచిన మీట నొక్కితే ఆదేశం పేరు, వివరణ కనిపిస్తాయి. కంట్రోల్-హెచ్, డబ్ల్యు ద్వారా ఒక ఆదేశం ఏ మీటపై ఉన్నదో తెలుసుకోవచ్చు. కంట్రోల్-హెచ్, బి ప్రస్తుత సందర్భంలో చెల్లే మీటల మొత్తం జాబితాను చూపుతుంది.

6. పాఠ పరిష్కర్తకు ఒక నమూనా అమరిక:

ముందుగా షార్ట్‌కట్ లేకుండా పని ఎలా జరుగుతుందో చూద్దాం. కంట్రోల్-ఎక్స్, 8, ఎంటర్ నొక్కి యూనికోడ్ సంఖ్యను గాని పేరును గాని ఇస్తే ఆ అక్షరం పాఠంలో చేరుతుంది. ఎప్పుడో ఒకసారి వచ్చే ౚ, ఴ వంటి శాసనాక్షరాలకు ఇది సరిపోతుంది. ప్రతి పాదంలోనూ రాగల అరసున్నకు ఇది భారం. తరచుగా వచ్చే వాటికి మాత్రమే మీట కేటాయించాలన్నది ఇక్కడి సూత్రం. ఆళ్లగడ్డ శిల్పి ఉలులన్నిటినీ ఒకేసారి ముందు పరచుకోడు. ఆనాటి పనికి కావలసినవి కుడిచేతికి దగ్గరగా ఉంచుకుంటాడు.

ఆదేశాన్ని రాయడానికి మూడు అంశాలు కావాలి: ఒక పేరు, అది మీటతో పిలవదగినదని తెలిపే ‘ఇంటరాక్టివ్’ అనే ప్రకటన, చేయవలసిన పని. రెండవ అంశాన్ని మరచిపోవడం కొత్తవారు చేసే సాధారణమైన తప్పు. ఆ ప్రకటన లేనిది ఫంక్షన్‌గా ఉంటుంది గాని ఆదేశం కాదు. మీట నొక్కగానే దోష సందేశం వస్తుంది. పేరు విషయంలో ఒక సౌకర్యం ఉన్నది. లిస్ప్ పేర్లు తెలుగు లిపిలోనూ ఉండవచ్చు. ‘అరసున్న-చేర్చు’, ‘బండిరా-చేర్చు’ అని పెట్టుకుంటే ఏడాది తరువాత చూసినా అర్థమవుతుంది. లిస్ప్ భాషలో ముందే ఉన్న ఫంక్షన్ల పేర్లను మాత్రం రోమన్ లిపిలోనే రాయాలి. ఈ వ్యాసంలో వాటి ఉచ్చారణను ఇస్తున్నాం.

ఆదేశాన్ని మీటకు ముడివేయడానికి 2023లో వచ్చిన 29వ రూపం నుంచి ‘కీమ్యాప్-సెట్’, ‘కీమ్యాప్-గ్లోబల్-సెట్’ అనే ఫంక్షన్లు ఉన్నాయి. అంతకు ముందు రూపాలలో ‘డిఫైన్-కీ’, ‘గ్లోబల్-సెట్-కీ’ వాడాలి. సార్వత్రిక పట్టికలో పెట్టడం కంటే ‘డిఫైన్-మైనర్-మోడ్’ ద్వారా ‘పరిష్కరణ’ అనే ఉపరీతిని నిర్మించి, దాని పట్టికలో ఈ మీటలను చేర్చడం మేలు. కావ్య పాఠం తెరచినప్పుడు ఉపరీతిని వేసుకుంటే మీటలు వస్తాయి. ఉత్తరం రాసేటప్పుడు తీసివేస్తే పోతాయి. పైగా ఉపరీతి పట్టికను ఈమాక్స్ ముందుగా చూస్తుంది కనుక ప్రధాన రీతి దానికి అడ్డు రాదు.

నమూనా అమరికను ఇలా ఉంచుకోవచ్చు. ఎఫ్5 అరసున్నకు. ఎఫ్6 శకటరేఫకు. ఎఫ్7 ఒత్తు పడకుండా ఆపే శూన్య వెడల్పు అక్షరానికి. యూనికోడ్‌లో దీని సంఖ్య 200సి, ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటలలో పొల్లును నిలపడానికి ఇది కావాలి. ఎఫ్8 రూపాంతరాలతో సహా వెతకడానికి. ఎఫ్9 కర్సర్ వద్ద ఉన్న అక్షరపు వివరాలకు. దంత్య చకార జకారాలను కంట్రోల్-సి తరువాత వేరే అక్షరాలకు కేటాయించవచ్చు. ‘వాఁడు’ అని రాయాలంటే ‘వా’ టైపు చేసి, ఎఫ్5 నొక్కి, ‘డు’ టైపు చేయాలి. తెలుగు పద్ధతి మధ్యలో ఆగదు, లయ చెడదు.

రాసినదానిని వెంటనే ఆరంభ ఫైలులో శాశ్వతం చేయనవసరం లేదు. లిస్ప్ వాక్యం చివర కర్సర్ ఉంచి కంట్రోల్-ఎక్స్, కంట్రోల్-ఇ నొక్కితే అది ఆ క్షణం నుంచి అమలులోకి వస్తుంది. కొన్ని పుటలు టైపు చేసి, చేతికి నచ్చితే ఆరంభ ఫైలులో చేర్చవచ్చు. నచ్చకపోతే ఈమాక్స్ మూసి తెరిస్తే పాత స్థితి వస్తుంది.

7. వెతకడానికి ఒక మీట:

ప్రవేశికలోని ఆళ్లగడ్డ సమస్యకు ఇప్పుడు తిరిగి వద్దాం. ఈమాక్స్‌లో కంట్రోల్-ఆల్ట్-ఎస్ నొక్కితే నమూనాతో వెతికే సదుపాయం వస్తుంది. చదరపు కుండలీకరణంలో ఉంచిన అక్షరాలలో ఏది వచ్చినా సరిపోతుందని దాని అర్థం. ‘ఆళ్[లళ]గడ్డ’ అని ఇస్తే రెండు రూపాలూ దొరుకుతాయి. ఒక అక్షరం తరువాత ప్రశ్నార్థకం పెడితే ఆ అక్షరం ఉన్నా లేకపోయినా చాలునని అర్థం. ‘ఏఁ?డు’ అని ఇస్తే ‘ఏడు’, ‘ఏఁడు’ రెండూ వస్తాయి.

ప్రతిసారీ ఈ నమూనాను చేతితో రాయడం కష్టం. ఎఫ్8కు కేటాయించే ఆదేశం ఆ పనిని చేస్తుంది. వాడుకరి మామూలు మాటను ఇస్తాడు. ఆదేశం ఆ మాటలోని ప్రతి రేఫను ‘రేఫ లేదా శకటరేఫ’గా, ళకారపు పొల్లు తరువాతి లకార ళకారాలను ‘రెండింటిలో ఏదైనా’గా మార్చి, అచ్చుతో ముగిసిన ప్రతి అక్షరం తరువాత అరసున్నను ఐచ్ఛికం చేసి, ఆ నమూనాతో వెతుకుతుంది. ‘చాగలమర్రి’ అని ఇస్తే ‘చాగలమఱ్ఱి’ కూడా పట్టుబడుతుంది. ‘కుందేరు’ అని ఇస్తే ‘కుందేఱు’ కూడా వస్తుంది.

ఇక్కడ ఒక హద్దు పాటించాలి. లకార ళకారాలను అన్నిచోట్లా సమానం చేస్తే ‘కల’ కోసం వెతికినవారికి ‘కళ’ కూడా వస్తుంది. అందుకే ఆ మార్పును ళకారపు పొల్లు తరువాతి స్థానానికే పరిమితం చేయాలి. రేఫల విషయంలో అటువంటి హద్దు పెట్టడం కుదరదు. ‘ఏరు’ అని వెతికితే నదీవాచకమూ, ఏరుకొనే క్రియా రెండూ వస్తాయి. వెతకడం యంత్రం పని, వేరుచేయడం పరిశోధకుని పని. ఇదే ఆదేశాన్ని వెతకడానికి బదులు ఒకేసారి మార్చివేయడానికి వాడితే మూలంలోని భేదాలు తుడిచిపెట్టుకుపోతాయి. కనుక వెతికే మీటనూ, మార్చే మీటనూ పక్కపక్కన ఉంచకపోవడం మంచిది.

8. సరిచూసుకొనే పద్ధతి:

మీటలు అమర్చుకున్నంత మాత్రాన పాఠం శుద్ధం కాదు. సరిచూడడానికి మూడు మార్గాలు ఉపయోగపడతాయి.

మొదటిది లెక్క. ‘హౌ-మెనీ’ అనే ఆదేశం కర్సర్ నుంచి పాఠం చివరి వరకు ఒక నమూనా ఎన్నిసార్లు వచ్చిందో చెబుతుంది. ముద్రిత పుటలో అరసున్నలను కంటితో లెక్కించి, డిజిటల్ పాఠంలోని లెక్కతో పోల్చితే తేడా వెంటనే తెలుస్తుంది. పాత ఫాంట్ల నుంచి యూనికోడ్‌లోకి మార్చిన ఫైళ్లకు ఈ పరీక్ష తప్పనిసరి. మార్పిడి పట్టికలో లేని సంకేతం మాయం కావచ్చు, మరో అక్షరంగా మారవచ్చు.

రెండవది అక్షర పరిశీలన. కంట్రోల్-యు, కంట్రోల్-ఎక్స్, సమాన చిహ్నం వరుసగా నొక్కితే కర్సర్ వద్ద ఉన్న అక్షరపు యూనికోడ్ పేరు, సంఖ్య, ఏయే సంకేతాలు కలిసి ఆ రూపం ఏర్పడిందో కనిపిస్తాయి. కంటికి కనిపించని శూన్య వెడల్పు అక్షరాన్ని గుర్తించడానికి కూడా ఇది సాయపడుతుంది. నమూనా అమరికలో ఎఫ్9కు ఇచ్చినది ఈ పనే.

మూడవది దిద్దుబాటులో జాగ్రత్త. తెలుగులో ఒక అక్షరంగా కనిపించేది లోపల అనేక సంకేతాల కూర్పు. బ్యాక్‌స్పేస్ మీట చివరి సంకేతాన్ని మాత్రమే తొలగిస్తుంది. కనుక తప్పు గుణింతాన్ని మాత్రమే తీసివేసి హల్లును నిలుపుకోవచ్చు. డిలీట్ మీట ఇటీవలి రూపాలలో ముందున్న కూర్పునంతటినీ తొలగిస్తుంది. ఈ భేదం తెలియనివారు ఒత్తును దిద్దబోయి అక్షరాన్నే పోగొట్టుకొంటారు.

9. ముగింపు:

ఒక అక్షరాన్ని టైపు చేయడానికి ఎన్ని మీటలు నొక్కాలన్నది పైకి సాంకేతిక విషయం. ఆ అక్షరం రేపటి పాఠంలో ఉంటుందా లేదా అన్నది దానిమీదే ఆధారపడినప్పుడు అది పాఠ పరిష్కరణకు చెందిన విషయం అవుతుంది. అరసున్నను వదలివేయాలా, నిలపాలా అన్న నిర్ణయం సంపాదకుడు తెలిసి తీసుకోవలసినది. అది కీబోర్డు చేతిలో ఉండరాదు. మీటలను తనకు తగినట్టు అమర్చుకొన్న పరిశోధకుడు ఆ నిర్ణయాన్ని తన చేతిలో ఉంచుకుంటాడు.

పరిశోధక విద్యార్థులు ఒక్క ఆదేశంతో, ఒక్క మీటతో ప్రారంభించవచ్చు. అరసున్నకు ఎఫ్5 కేటాయించి, తాము పనిచేస్తున్న గ్రంథంలోని పది పద్యాలను టైపు చేసి, ముద్రిత ప్రతితో లెక్క సరిచూసుకోవచ్చు. అధ్యాపకులు తమ శాఖలోని ఆరంభ ఫైలును విద్యార్థులందరికీ ఒకే రూపంలో అందజేస్తే, వేర్వేరు చేతులలో తయారైన పాఠాలు ఒకే లేఖన నియమాన్ని పాటిస్తాయి. అప్పుడు ఆళ్లగడ్డ కోసం వెతికినవారికి ఆళ్ళగడ్డ కూడా దొరుకుతుంది.